పుస్తక ప్రదర్శనకు వెళ్లే ముందు: ఏడాది పఠనాన్ని లెక్క చూసుకోవడం, వచ్చే ఏడాదికి పుస్తకాలు ఎంచుకోవడం ఎలా

ఈ పనిని డిసెంబరు రెండో వారంలో పెట్టుకోండి. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన సాధారణంగా డిసెంబరు ద్వితీయార్ధంలో జరుగుతుంది. విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో మొదలవుతుంది. మనలో చాలామంది ఏడాదికి సరిపడా పుస్తకాలు ఈ రెండు చోట్లే కొంటాం. అక్కడికి వెళ్లాక ఆలోచించుకోవడం కుదరదు. ఎటు చూసినా కొత్త అట్టలు, పలకరించే స్నేహితులు, చేతికి అందిన పుస్తకమల్లా కావాలనిపించే ఉత్సాహం. అందుకే వెనక్కి చూసుకోవడం ముందు జరగాలి, కొనడం తర్వాత.

ఎన్ని పుస్తకాలు చదివామన్న అంకె ఈ పనికి పెద్దగా ఉపయోగపడదు. ముప్ఫై అని తేలినా, ఏడు అని తేలినా వచ్చే ఏడాది ఏం చదవాలో అది చెప్పదు. ఏ పుస్తకం మరో పుస్తకానికి దారి తీసింది, ఏది సగంలో ఆగింది, ఎందుకు ఆగింది, ఏది ఇప్పటికీ మనసులో మెదులుతోంది అన్నవి తేల్చుకోవాలి. ప్రణాళికకు కావలసిన సరుకంతా ఆ జవాబుల్లోనే ఉంటుంది. ఒక నోటుపుస్తకం, రెండు ఆదివారం మధ్యాహ్నాలు ఉంటే చాలు.

ముందు జాబితా పోగేయండి

ఏడాది పొడవునా రాసుకుంటూ వచ్చినవారికి ఇది పది నిమిషాల పని. రాసుకోనివారు కూడా నిరుత్సాహపడనక్కర్లేదు, ఆనవాళ్లు చాలా చోట్ల ఉంటాయి. ఫోనులో ఫొటోలు వెనక్కి జరుపుకుంటూ వెళ్లండి. నచ్చిన పేజీనో అట్టనో ఫొటో తీసి ఎవరికో ఒకరికి పంపించే ఉంటారు. గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకాల్లో తేదీ ముద్రలు ఉంటాయి. ఆన్‌లైన్‌లో కొన్నవాటి వివరాలు, పుస్తకాల దుకాణానికి ఫోను ద్వారా కట్టిన డబ్బు వివరాలు దొరుకుతాయి. అన్నిటికంటే నమ్మకమైనది మీ అల్మరా. ఒక్కో పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, గుర్తుగా పెట్టిన కాగితం ఏ పేజీలో ఉందో చూడండి.

ఒక్కో పుస్తకానికి ఒక వరుస కేటాయించండి. పేరు, రచయిత, పేజీలు, తొలి ముద్రణ ఏడాది, మీ దగ్గరికి ఎలా వచ్చింది, పూర్తి చేశారా, ఆపేశారా అన్న వివరాలు అందులో ఉండాలి. తొలి ముద్రణ ఏడాది దగ్గర కొంచెం జాగ్రత్త అవసరం. కొన్ని పునర్ముద్రణల్లో ప్రస్తుత ముద్రణ సంవత్సరం మాత్రమే వేస్తారు. యాభై ఏళ్ల నాటి నవల కొత్త పుస్తకాల లెక్కలోకి వెళ్లిపోతుంది. ముందుమాట కింద ఉన్న తేదీ చూస్తే చాలాసార్లు సంగతి తెలుస్తుంది.

‘ఎలా వచ్చింది’ అన్న గడిని ఖాళీగా వదలకండి. స్నేహితుడు చెప్పాడా, పత్రికలో సమీక్ష చూశారా, మరో పుస్తకంలో ప్రస్తావన కనిపించిందా, ఆవిష్కరణ సభకు వెళ్లి కొన్నారా, ఎవరైనా బహుమతిగా ఇచ్చారా? జాబితా పూర్తయ్యాక ఈ గడిని మాత్రమే పైనుంచి కిందికి చదవండి. ఎవరి మాట మీద తెచ్చుకున్న పుస్తకాలు మీకు నిజంగా నచ్చాయో కళ్లకు కడుతుంది. వచ్చే ఏడాది సలహా అడగాల్సింది వాళ్లనే.

ఆదివారం అనుబంధంలో చదివిన కథ, అంతర్జాల పత్రికలో చదివిన వ్యాసం, పిల్లలకు చదివి వినిపించిన బొమ్మల పుస్తకం, ప్రయాణంలో విన్న ఆడియో పుస్తకం కూడా రాయండి. తెలుగులో మంచి రచన ఎంతో భాగం పుస్తకంగా రాకముందే పత్రికల్లో వస్తుంది. పుస్తకాలే లెక్కలోకి వస్తాయనుకుంటే మీ చదువులో పెద్ద భాగం మీకే కనిపించకుండా పోతుంది.

సగంలో ఆపేసినవాటి దగ్గర ఎక్కువసేపు ఆగండి

నా దృష్టిలో ఈ పనంతటికీ కీలకం ఇదే. పూర్తి చేసిన పుస్తకాలు మీకు ఏది నచ్చుతుందో చెబుతాయి, ఆ సంగతి మీకు ఇప్పటికే కొంత తెలుసు. ఆపేసినవి మీరు ఎలా చదువుతారో చెబుతాయి. ప్రతి దాని పక్కనా కారణాన్ని ఒక్క వాక్యంలో, నిజాయితీగా రాయండి. ‘టైము దొరకలేదు’ అని అన్నిటికీ రాయకండి. అదే నెలలో వేరే పుస్తకం పూర్తి చేసి ఉంటే కారణం టైము కాదు.

కొన్నిసార్లు కారణం భాష. ఉత్తరాంధ్ర పలుకుబడిలోనో, రాయలసీమ యాసలోనో, తెలంగాణ పల్లె మాటలోనో రాసిన నవల వేరే ప్రాంతం పాఠకుడికి మొదటి ముప్ఫై పేజీలు కష్టంగానే ఉంటుంది. అక్కడ ఆపేస్తే నష్టం మనదే. ఆ పేజీలను పైకి చదవండి. కంటికి కొత్తగా ఉన్న మాట చెవికి తొందరగా అర్థమవుతుంది, ఎందుకంటే ఆ వాక్యం పుట్టింది మాట్లాడే నోట్లోంచే. పుస్తకం చివర పదాల పట్టిక ఉందేమో చూడండి. ఆ ప్రాంతం స్నేహితులుంటే నాలుగు మాటల అర్థం అడగండి, సంతోషంగా చెబుతారు. గ్రాంథికంలో ఉన్న పాత వచనానికీ, పద్యానికీ ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటువుల వెతుకులాట గొప్ప సాయం. బ్రౌన్ నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటివి అన్నీ ఒకే చోట వెతకవచ్చు. అలాగని ప్రతి మాటకూ ఆగొద్దు. పేజీకి రెండు మూడు మాటలు చూస్తే చాలు, మిగతావి సందర్భమే చెబుతుంది.

మరికొన్నిసార్లు కారణం నిడివి. అరవై, డెబ్బై దశకాల పెద్ద నవలలు చాలావరకు మొదట వారపత్రికల్లో ధారావాహికలుగా వచ్చాయి. ఆనాటి పాఠకులు వాటిని వారానికి ఒక భాగం చొప్పున నెలల తరబడి చదివారు. ప్రతి భాగం చివరా వచ్చే వారం కోసం ఎదురుచూసేలా ఒక మలుపు ఉండేది. అదే నవలను మనం నాలుగు రోజుల్లో ముగించాలని కూర్చుంటే ఆ మలుపులు ఒకదాని మీద ఒకటి పడి విసుగు పుడుతుంది. అలాంటిదేదైనా మీ జాబితాలో ఆగిపోయి ఉంటే, వచ్చే ఏడాది దాన్ని వారానికి రెండు ప్రకరణాల చొప్పున, ఒకే రోజున, ఒకే వేళకు చదివి చూడండి. నెల రోజుల విరామం వస్తే పాత్రలు మరిచిపోవడం సహజం. పాత్రల పేర్లు, వరసలు ఒక చిన్న కాగితం మీద రాసి పుస్తకంలోనే పెట్టుకోండి. మూడు తరాల కుటుంబ కథలకు ఇది తప్పనిసరి.

చిన్న అక్షరాల వల్ల ఆగిపోయినవీ ఉంటాయి. పాత ముద్రణల్లో అచ్చు మసకగా ఉంటుంది, కాగితం పసుపెక్కి ఉంటుంది. కొత్త ముద్రణ వచ్చిందేమో కనుక్కోండి. లేకపోతే స్కాన్ చేసిన ప్రతిని ట్యాబ్‌లో పెద్దది చేసుకుని చదవడమే నయం.

చివరగా, నిజంగా నచ్చక ఆపేసినవి. వాటిని ఎవరికైనా ఇచ్చేయండి. ఎంత పేరున్న పుస్తకమైనా సరే. అది అల్మరాలో ఉన్నంతకాలం చదవలేకపోయానన్న బరువు ఒకటి మీ మీద ఉంటుంది, దాని పక్కనున్న మంచి పుస్తకం వైపు చెయ్యి వెళ్లదు.

పుస్తకం తెరవకుండా మూడు వాక్యాలు

ఇప్పుడు పూర్తి చేసినవాటి సంగతి. ఒక్కో పుస్తకం గురించి, దాన్ని తెరవకుండా, మీకు గుర్తున్నది మూడు వాక్యాల్లో రాయండి. కథ సారాంశం అక్కర్లేదు. ఒక దృశ్యం, ఒక మనిషి, ఒక వాదన, మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన ఒక మాట, ఏదైనా సరే. ఒక్క వాక్యం కూడా రాని పుస్తకాలు ఉంటాయి. వాటిని చెడ్డవని తీర్మానించకండి. ఏ రోజుల్లో, ఏ పరిస్థితిలో చదివారో గుర్తు తెచ్చుకోండి. ఆసుపత్రి వరండాలో కూర్చుని చదివిన కవిత్వం ఒక్క పాదం గుర్తులేకపోయినా ఆ రోజు మిమ్మల్ని నిలబెట్టి ఉండవచ్చు. అలాంటిదైతే ఆ సంగతే రాయండి.

కథా సంకలనాల విషయంలో పుస్తకం పేరు సరిపోదు, కథ పేరు రాయాలి. పదిహేను కథల సంపుటిలో రెండు కథలు మనసులో నిలిస్తే అది మంచి ఫలితమే. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకులుగా కథాసాహితి 1990 నుంచి ఏ ఏటికాయేడు ఎంపిక చేసిన కథలతో సంకలనాలు తెస్తూ వచ్చింది. ఏదైనా ఒక ఏడాది మీరు కథలు బాగా చదివి ఉంటే, మీరు ఎంచుకున్న కథల పట్టికను అలాంటి సంకలనం విషయసూచిక పక్కన పెట్టి చూడండి. రెండిటిలోనూ ఉన్న కథలకన్నా, మీ పట్టికలో మాత్రమే ఉన్న కథలు మీ అభిరుచి గురించి ఎక్కువ చెబుతాయి. అక్కడ లేనంత మాత్రాన మీ ఎంపిక తప్పు కాదు. ఆ కథ మీకెందుకు అంతగా నచ్చిందో నాలుగు మాటలు రాసి పెట్టుకోండి.

మొత్తం జాబితాలోంచి ఒక్క పేరా ఎంచుకుని చేత్తో ఎత్తి రాయండి. చేత్తో రాస్తున్నప్పుడు వాక్యం ఎక్కడ ఆగింది, క్రియ ఎక్కడ పడింది, ఏ మాట దగ్గర రచయిత ఊపిరి తీసుకున్నాడు అన్నవి కళ్లతో చదివినప్పటికంటే బాగా తెలుస్తాయి.

ఖాళీలు ఎక్కడున్నాయి

ఒక కాగితం మీద అడ్డంగా దశాబ్దాలు, నిలువుగా ప్రాంతాలు రాసి గడులు గీయండి. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలు, కృష్ణా గుంటూరు, నెల్లూరు ప్రకాశం, రాయలసీమ, తెలంగాణ, ఆ తర్వాత బయటి తెలుగు. బయటి తెలుగు అంటే అమెరికా ఒక్కటే కాదు. హోసూరు వైపు తమిళనాడు తెలుగువాళ్లు రాసిన కథలున్నాయి, బెంగళూరు, ముంబై జీవితాల మీద రాసినవీ ఉన్నాయి. చదివిన ప్రతి పుస్తకానికీ సరైన గడిలో ఒక చుక్క పెట్టండి. స్త్రీలు రాసినవాటికి ఒక రంగు, అనువాదాలకు మరో రంగు వాడండి. చాలామందికి చుక్కలన్నీ సొంత ప్రాంతంలో, గత పదేళ్లలో గుమిగూడి కనిపిస్తాయి.

దళిత, ముస్లిం, ఆదివాసీ జీవితాల నుంచి వచ్చిన సాహిత్యం మీ పట్టికలో ఎంత ఉందో కూడా చూడండి. ఈ నలభై ఏళ్లలో తెలుగు వచనానికి, కవిత్వానికి కొత్త రక్తం ఎక్కించింది అదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఖాళీలన్నిటినీ ఒకే ఏడాది పూడ్చాలనుకోకండి. ఒక్కటే ఎంచుకోండి. ఒక్క గడిలో నాలుగు పుస్తకాలు చదివితే ఆ ప్రాంతమో ఆ కాలమో మీకు పరిచయమవుతుంది, నాలుగు గడుల్లో ఒక్కొక్కటి చదివితే ఏదీ నిలవదు.

మీ వేగం ఎంతో కొలవండి

మూడు వేర్వేరు రోజుల్లో, ఒక నవల, ఒక వ్యాస సంపుటి, ఒక పాత గ్రంథం తీసుకుని అరగంట చొప్పున చదవండి. ఎన్ని పేజీలు సాగాయో రాసుకోండి. తేడా చూసి ఆశ్చర్యపోతారు. పద్యకావ్యమైతే అరగంటకు ఆరేడు పద్యాలు సాగినా మంచి వేగమే.

ఉదాహరణకు అరగంటకు 15 పేజీలు, వారానికి ఐదు రోజులు అనుకుందాం. వారానికి 75 పేజీలు అవుతాయి. ఏడాదిలో రెండు వారాలు తీసేసి 50 వారాలుగా లెక్కిస్తే 3,750 పేజీలు. రెండు వందల పేజీల పుస్తకాలైతే పద్దెనిమిది దాకా చదవవచ్చు. అదే ఆరు వందల పేజీల నవల ఒక్కటే ఎనిమిది వారాలు తీసుకుంటుంది. పరీక్షలు, పెళ్లిళ్లు, ఆఫీసులో మార్చి నెల లెక్కలు, వ్యవసాయదారులకు నాట్లు, కోతలు ఉన్న నెలలను ముందే తీసేయండి. మిగిలినదానిలో సగానికి మాత్రమే పుస్తకాలు నిర్ణయించి, మిగతా సగం వదిలేయండి. ఏడాది మధ్యలో వచ్చే కొత్త పుస్తకం, ఒక పుస్తకం చదువుతుండగా తగిలే మరో పేరు, స్నేహితురాలు అకస్మాత్తుగా చేతిలో పెట్టే నవల, ఇవన్నీ ఆ ఖాళీలోకే వస్తాయి. ఏడాదిలో అన్నిటికంటే ఆనందాన్నిచ్చే పుస్తకం తరచూ అలా వచ్చినదే అవుతుంది.

నిర్ణయించే సగంలో ఏం పెట్టాలి

మూడు దారులు సరిపోతాయి.

మొదటిది, ఒక పెద్ద పుస్తకం. ఎప్పటినుంచో చదవాలనుకుంటున్నది ఒక్కటే. దాన్ని వేసవికో, దసరా సెలవులకో కేటాయించకండి. సెలవుల్లో ఇంటినిండా జనం ఉంటారు. జూలై, ఆగస్టు వానాకాలపు సాయంత్రాలు పెద్ద నవలకు ఎంతో అనువైనవి. సంక్రాంతి, వేసవి ప్రయాణాలకు కథల సంపుటాలు, కవిత్వం పెట్టుకోండి.

రెండోది, ఒకే రచయిత. ఆ రచయిత రాసినవి ప్రచురణ వరసలో చదవండి, పేరున్నది ముందు చదివేయకండి. తొలి కథల్లో తడబడిన విషయాన్నే పదేళ్ల తర్వాత అదే చెయ్యి ఎలా సాధించిందో చూడటం పాఠకుడికి దొరికే గొప్ప భాగ్యం. వరస తెలుసుకోవడానికి కథకులైతే శ్రీకాకుళంలోని కథానిలయం ఆధారం. కాళీపట్నం రామారావు గారు 1997లో స్థాపించిన ఈ గ్రంథాలయం తెలుగు కథలన్నిటినీ ఒక చోట చేర్చాలన్న సంకల్పంతో పుట్టింది. దాని వెబ్‌సైటులో రచయిత పేరుతో వెతికితే ఏ కథ ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో తెలుస్తుంది, చాలా కథల పేజీలు స్కాన్ రూపంలో చదువుకోవచ్చు కూడా.

మూడోది, ఇందాక గడుల కాగితం మీద ఎంచుకున్న ఖాళీ. దానికి మూడు నాలుగు పుస్తకాలు. వాటిలో ఒకటి ఆ ప్రాంతం లేదా కాలం చరిత్రకు సంబంధించినది అయితే మిగతావి బాగా అర్థమవుతాయి. అనువాదాలే మీ ఖాళీ అయితే, భారతీయ భాషల నుంచి వచ్చినవాటికి సాహిత్య అకాడమీ, నేషనల్ బుక్ ట్రస్ట్ ప్రచురణలు చూడండి. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురణలలో సామాజిక విషయాల మీద మంచి అనువాదాలు ఎన్నో ఉన్నాయి.

సంపాదించడం

జాబితాతో ప్రదర్శనకు వెళ్లండి. తెలుగులో ఇవాళ చాలా పుస్తకాలు ఐదు వందలో వెయ్యో ప్రతులు మాత్రమే వేస్తారు. అవి అయిపోతే మళ్లీ ఎప్పుడు వేస్తారో ప్రచురణకర్తకే తెలియదు. కాబట్టి చిన్న ప్రచురణ సంస్థలవి, రచయితలు సొంతంగా వేసుకున్నవి ముందు కొనండి. ఎప్పుడూ దొరికే ప్రసిద్ధ నవలలు చివర్లో చూసుకోవచ్చు. బడ్జెట్‌లో మూడో వంతు జాబితాలో లేని పుస్తకాలకు అట్టిపెట్టుకోండి.

కొనకుండా దొరికే మార్గం కూడా మరవకండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలు చేస్తారు. అంటే మీ ఊరి శాఖా గ్రంథాలయం మీ డబ్బుతో నడుస్తున్నదే. సభ్యత్వం తీసుకోండి, కావలసిన పుస్తకం లేకపోతే తెప్పించమని రాతపూర్వకంగా అడగండి. అడిగేవారు లేకపోతే కొత్త పుస్తకాలు తెప్పించడానికి అక్కడివారికి కూడా ఉత్సాహం ఉండదు. పాత పత్రికలు, అరుదైన ముద్రణల కోసం 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం, 1901లో మొదలై ఇప్పుడు హైదరాబాద్ సుల్తాన్‌బజార్‌లో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వంటి చోట్లకు ఒక్కసారైనా వెళ్లిరండి.

ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) వెబ్‌సైటులో వేల తెలుగు పుస్తకాల స్కాన్ ప్రతులున్నాయి, కానీ వెతకడం ఒక విద్య. చాలా పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, తోచిన వర్ణక్రమంతో ఎక్కించారు. పూర్తి పేరుతో దొరకకపోతే పేరులో ఒక్క మాటతో, ఆ తర్వాత రచయిత ఇంటిపేరుతో, దీర్ఘాలను ఒకసారి ఒంటి అక్షరంతో, మరోసారి జంట అక్షరాలతో రాసి వెతకండి. తెలుగు లిపిలో కూడా ఒకసారి ప్రయత్నించండి.

విదేశాల్లో ఉన్నవారు డిసెంబరు సెలవులకు వస్తున్నట్లయితే జాబితాను నెల ముందే ఇక్కడి బంధువులకు పంపండి. పుస్తకాలు బరువు. ఇరవై మూడు కిలోల పెట్టెలో పచ్చళ్లు, పొడుల పక్కన ఎన్ని పడతాయో ముందే చూసుకోవాలి. ఈ-బుక్ రూపంలో దొరికేవాటిని అలాగే కొనుక్కుని, అచ్చులో తప్ప దొరకనివాటికే ఆ చోటు ఇవ్వండి.

ఏడాది నడుస్తుండగా

పుస్తకం పూర్తయిన రోజే మూడు వాక్యాలు రాసేయండి. ఉగాదికి ఒకసారి, బడులు తెరిచే జూన్‌లో ఒకసారి ప్రణాళిక తీసి చూడండి. జూన్ నాటికి చేయి పడని పుస్తకాన్ని జాబితా నుంచి కొట్టేయండి, దాని స్థానంలో ఏదో ఒకటి పెట్టాలన్న నియమం లేదు. పెద్ద పుస్తకం సగంలో ఉంటే మిగతావన్నీ ఆపి దాన్నే ముగించండి.

ఇంకొక పని. చాలా తెలుగు పుస్తకాల్లో ముద్రణ వివరాలున్న పేజీలో రచయిత చిరునామా, ఫోను నంబరు ఉంటాయి. పుస్తకం నిజంగా నచ్చినప్పుడు ఆ నంబరుకు ఫోను చేయండి, లేదా నాలుగు వాక్యాల సందేశం పంపండి. బాగుంది అని ఊరుకోకుండా ఏ పేజీలో, ఏ దృశ్యం దగ్గర ఆగిపోయారో చెప్పండి. ఐదు వందల ప్రతులు వేసుకుని, అందులో సగం స్నేహితులకు పంచిన రచయితకు, ముక్కూముఖం తెలియని పాఠకుడు ఆ పేజీ పేరెత్తి మాట్లాడటం ఎంత విలువైనదో చెప్పలేను. మాటల్లో మాటగా వాళ్లకు నచ్చిన పుస్తకం ఏదో అడగండి. ఆ పేరు ఖాళీగా వదిలిన సగంలో, తేదీ వేసి, ‘ఎలా వచ్చింది’ గడిలో ఆ రచయిత పేరుతో సహా రాసుకోండి.